కొండవీటి చేంతాడులాంటి పేజీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ స్క్రోలింగ్ చుట్టూ తిరిగేవే. సైట్లు కట్టేవాళ్లూ అడిగారు, వాటితో వేగేవాళ్లూ అడిగారు. ఒకరి తలనొప్పికి మందు ఇంకొకరి పనిలో ఉంది కాబట్టి అందరివీ కలిపే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది చేనేత చీరల దుకాణం. వెబ్‌సైట్లో 400 చీరల దాకా ఉన్నాయి. కిందికి జరిపేకొద్దీ కొత్తవి వాటంతటవే వచ్చేలా డెవలపర్ చేసిచ్చారు. కానీ ఒక చీర తెరిచి చూసి వెనక్కి వస్తే మళ్లీ మొదటి చీర దగ్గరికే పోతోందని, మా ఫోన్ నంబరు ఎక్కడా దొరకడం లేదని కొనేవాళ్లు అంటున్నారు. నంబరు పేజీ అడుగున ఉంది మరి!
— చీరల వ్యాపారి, మంగళగిరి

జవాబు: నంబరు ఉన్నమాట నిజం, అందనిమాటా నిజం. మనిషి అడుగుకు చేరేలోపు ఇంకో 20 చీరలు వచ్చి దాన్ని కిందికి తోసేస్తున్నాయి. దీని పేరు ఇన్ఫినిట్ స్క్రోల్. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు. 'తర్వాతి పేజీ' నొక్కే శ్రమ తప్పించాలన్నది ఉద్దేశం. జనం ఆగాల్సిన చోట ఆగకుండా పోతున్నారని తర్వాత ఆయనే బహిరంగంగా నొచ్చుకున్నారు. గూగుల్ కూడా వెతుకులాట ఫలితాల్లో ఈ పద్ధతిని 2021లో ఫోన్లకు, 2022 చివర్లో కంప్యూటర్లకు తెచ్చి, 2024 జూన్ నుంచి తీసేయడం మొదలుపెట్టింది.

ఊసుపోక చూసే ఫొటోలకైతే ఇది ఫరవాలేదు. చీర కొనేవాళ్ల తీరు వేరు. ఒకటి చూస్తారు, ఇంకోదాంతో పోలుస్తారు, అత్తగారికి చూపించడానికి మళ్లీ మొదటిదాని దగ్గరికి వస్తారు. పక్కన పెట్టమన్న చీర కోసం తిరిగొచ్చేసరికి గుమాస్తా అన్నీ మడతపెట్టి బీరువాలో సర్దేసినట్టుంది ఇప్పుడు మీ సైట్.

వెనక్కి వస్తే మొదటికి ఎందుకు పోతోందంటే, సర్వర్ పంపేది మొదటి 20 చీరలనే. మిగతావి స్క్రిప్టు తెచ్చి అతికిస్తుంది. చీర తెరవగానే ఆ అతుకులన్నీ పోతాయి. మీరు 9000 పిక్సెళ్ల లోతున ఉన్నారని బ్రౌజర్‌కి గుర్తే ఉంటుంది కానీ, వెనక్కి వచ్చేసరికి పేజీ పొడవు 3000 దాటదు. లేని చోటికి ఎలా దించుతుంది?

డెవలపర్‌తో చేయించాల్సింది ఇదీ. వాటంతటవే రావడం ఆపి 'మరిన్ని చూపించు' బటన్ పెట్టించండి. ఒక్కో విడతకు 24 చీరలు సరిపోతాయి. వరుసకు 2, 3, 4 ఎన్ని పేర్చినా నిండు విడత చివరి వరుసలో ఖాళీ మిగలదు. 400 చీరలకు 17 విడతలు. బటన్ పక్కనే 'మొత్తం 400లో 72 చూశారు' అని కనిపించాలి. బటన్ నొక్కిన ప్రతిసారీ పైన అడ్రసులో పేజీ సంఖ్య మారాలి, అయితే బ్రౌజర్ చరిత్రలో కొత్త మెట్టుగా చేరకూడదు. దానికి హిస్టరీ ఏపీఐలో రిప్లేస్‌స్టేట్ వాడాలి. ప్రతిసారీ కొత్త మెట్టు చేర్చే పుష్‌స్టేట్ వాడితే వెనక్కి బటన్ అయిదుసార్లు నొక్కినా కొనేవాళ్లు మీ చీరల్లోంచి బయటపడలేరు. 5వ విడత అడ్రసుతో ఎవరైనా వస్తే సర్వర్ అయిదు విడతలూ కలిపి ఇవ్వాలి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. వెనక్కి వచ్చినప్పుడు పేజీని యథాతథంగా చూపించడానికి బ్రౌజర్లు దాన్ని మెమరీలో దాచుకుంటాయి. సర్వర్ 'నో-స్టోర్' (దాచుకోవద్దు) అని పంపినా, పేజీ వదిలి వెళ్లేటప్పుడు నడిచే 'అన్‌లోడ్' ఈవెంట్ మీద స్క్రిప్టు కూర్చున్నా ఆ దాచుకోవడం ఆగిపోవచ్చు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబ్ కింద బ్యాక్-ఫార్వర్డ్ క్యాష్ అని ఉంటుంది. అక్కడ పరీక్ష నడిపితే అడ్డం ఏమిటో చెబుతుంది.

ఫోన్ నంబరుకు ఇవేవీ అక్కర్లేదు. పైన ఒకచోట, ప్రతి చీర పేజీలో ధర పక్కన ఒకచోట పెట్టించండి, ఇవాళే.

ప్రశ్న: ఫీజు కట్టే ఫారంలో 15000 అని కొట్టాను. కిందికి దించి సబ్మిట్ నొక్కబోయేసరికి 14997 అయి ఉంది. వైరసా?
— నెట్ సెంటర్ నిర్వాహకుడు, జగిత్యాల

జవాబు: వైరస్ కాదు, మౌస్ చక్రం. ఆ గడిని 'నంబర్' రకంగా పెట్టి ఉంటారు. అలాంటి గడిలో కర్సర్ ఉండగా, బాణం కూడా దాని మీదే ఉండగా చక్రం తిప్పితే కొన్ని పేజీల్లో పేజీ కదలదు, అంకె కదులుతుంది. ఒక్కో గంటుకు 1 చొప్పున తగ్గుతుంది. మీరు మూడు గంటులు తిప్పారు, మూడు రూపాయలు పోయాయి. జిల్లా, కులం, గ్రూపు ఎంచుకునే జాబితాల్లోనూ కొన్ని బ్రౌజర్లలో ఇదే జరుగుతుంది. అంకె మారితే కనీసం అనుమానం వస్తుంది, జిల్లా మారితే అదీ రాదు.

మొత్తం కొట్టాక ట్యాబ్ కీ నొక్కండి, లేదా పేజీలో ఖాళీ జాగా మీద ఒకసారి క్లిక్ చేసి అప్పుడు చక్రం తిప్పండి. మీ సెంటర్లో పనిచేసే కుర్రాళ్లకూ ఇదే అలవాటు చేయించండి. డబ్బు కట్టే ముందు సరిచూసుకునే తెర వస్తే అంకెను వేలు పెట్టి చదవండి.

ఫారాలు తయారు చేసేవాళ్లకు: మామూలు టెక్స్ట్ గడి పెట్టి, 'ఇన్‌పుట్‌మోడ్' విలువ 'న్యూమరిక్' అని ఇవ్వండి. ఫోన్లో అంకెల కీబోర్డే వస్తుంది, చక్రం గొడవ ఉండదు. బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ బృందం 2020లోనే దీనికి మారింది. ఆధార్, పిన్‌కోడ్, బ్యాంకు ఖాతా సంఖ్యలకు నంబర్ రకం అసలే వద్దు. అవి కూడేవీ తీసేసేవీ కావు. పైగా స్క్రిప్టు వాటిని అంకెలుగా లెక్కేస్తే ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

ప్రశ్న: పుట్టిన తేదీ అడిగిన చోట క్యాలెండర్ వస్తుంది. ఒక్కో నెలా వెనక్కి నొక్కుకుంటూ నా పుట్టిన సంవత్సరానికి పోవడం నా వల్ల కావడం లేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, అనకాపల్లి

జవాబు: 70 ఏళ్లు వెనక్కి వెళ్లాలంటే 840 నొక్కులు మాస్టారూ, ఎవరి వల్లా కాదు. క్యాలెండర్ పైభాగాన సంవత్సరం కనిపిస్తుంది చూడండి, దాని మీద ఒకసారి నొక్కండి. ఆండ్రాయిడ్‌లో సంవత్సరాల జాబితా తెరుచుకుంటుంది. ఐఫోన్లో నెల, సంవత్సరం రాసి ఉన్నచోట నొక్కితే చక్రాలు వస్తాయి. కంప్యూటర్లో అయితే చాలా సైట్లలో గడిలోకి వెళ్లి అంకెలు నేరుగా కొట్టేయవచ్చు. సంవత్సరాలు జాబితాగా ఉంటే దాన్ని తెరిచి 1955 అని గబగబా కొట్టండి, అక్కడికే దూకుతుంది.

పుట్టిన తేదీ అందరికీ కంఠస్థం. దానికి క్యాలెండర్ చూపించడమే తప్పు. రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న గడులు చాలు.

ప్రశ్న: తెలుగు వార్తల సైట్ చూసుకుంటున్నాను. చదువుతుంటే వాక్యాలు ఉన్నట్టుండి కిందికి దూకుతున్నాయని, ఒకటి నొక్కబోతే ప్రకటన నొక్కుకుంటోందని ఫిర్యాదులు. ప్రకటనలు తీసేయలేం.
— వెబ్ డెవలపర్, విజయవాడ

జవాబు: తీసేయక్కర్లేదు. ముందే చోటు ఇవ్వండి, చాలు.

ఈ దూకుడుకు గూగుల్ పెట్టిన కొలత సీఎల్ఎస్. 0.1 లోపుంటే మంచిది, 0.25 దాటితే బాగాలేనట్టు. ఒక లెక్క చూడండి. ఫోన్ తెర ఎత్తు 800 పిక్సెళ్లు, తెర నిండా వార్త ఉంది. పైన 250 పిక్సెళ్ల ఎత్తు ప్రకటన వచ్చి దూరింది. కదిలిన భాగం మొత్తం తెర, అంటే 1. కదిలిన దూరం 250ని 800తో భాగిస్తే 0.31. రెండూ గుణిస్తే 0.31. ఒక్క ప్రకటనతోనే గీత దాటేశారు. ఆ ప్రకటన డబ్బాకు కనిష్ఠ ఎత్తు 250 అని స్టైల్‌షీట్‌లో ముందే రాసిపెట్టండి. ప్రకటన రాకపోతే ఖాళీ మిగులుతుందని భయపడి డబ్బాను ముడిచేయకండి. ముడిచినా పేజీ కదులుతుంది, ఈసారి పైకి. బొమ్మలకు వెడల్పు, ఎత్తు రెండూ హెచ్‌టీఎంఎల్‌లోనే ఇవ్వండి.

అసలు చిక్కు మీ ఫాంటు దగ్గర ఉండొచ్చు. ఇంగ్లీషు పాఠాలు చూసి సైట్లు కట్టేవాళ్లకు ఇది తోచదు. మీ వెబ్‌ఫాంట్ దిగేదాకా ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటుతో వార్త కనిపిస్తుంది. దిగగానే మారుతుంది. గుడికీ, ఒత్తుకూ పైనా కిందా వదిలే జాగా ఫాంటుకో రకం. అక్షరం వెడల్పూ అంతే. అయిదు వరుసల్లో ఇమిడిన పేరా ఆరు వరుసలవుతుంది, కిందివన్నీ జరుగుతాయి. ముందు వరుస ఎత్తును 1.7 అని స్టైల్‌షీట్‌లో కట్టేయండి. ఫాంటు మారినా వరుస ఎత్తు దాదాపు మారదు. కొందరు ఇంగ్లీషు లెక్కన 1.2 పెడతారు, అప్పుడు 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల ఒత్తులు కింది వరుస గుడుల్ని తంతాయి. తర్వాత వెడల్పు. ప్రత్యామ్నాయ ఫాంటుకు 'సైజ్-అడ్జస్ట్' ఇచ్చి రెండూ సుమారుగా ఒకే చోట వరుస విరిగేలా చూడండి. అంత ఓపిక లేకపోతే 'ఫాంట్-డిస్‌ప్లే'కి 'ఆప్షనల్' ఇవ్వండి: ఫాంటు సుమారు 100 మిల్లీసెకన్లలో అందకపోతే ఆ పేజీకి ఫోన్ ఫాంటే ఉంటుంది, మధ్యలో మారదు. శీర్షికలకు ఎలాగూ మీ ఫాంటే కావాలంటారు. శీర్షికకు వాడే ఆ ఒక్క బరువునే (అక్షరాల మందాన్నే) ముందుగా దించండి, నాలుగూ వద్దు.

అడగకపోయినా ఇంకో మాట. ఒక వార్త అయిపోగానే కింద ఇంకో వార్త అతికించి, అడ్రసు మార్చేసే అలవాటు మీ సైట్లోనూ ఉంటే మానేయండి. పాఠకులు ఒకటి చదివి ఇంకోటి వాట్సాప్‌లో పంపేది అందుకే.

ప్రశ్న: ఫలితాల పేజీ ఫోన్లో తెరిస్తే అడ్డంగా, నిలువుగా రెండు వైపులా జరపాల్సి వస్తోంది. మార్కులు కనిపిస్తే పేరు కనిపించదు.
— పోటీ పరీక్షల అభ్యర్థి, హనుమకొండ

జవాబు: ముందు బ్రౌజర్ మెనూలో 'డెస్క్‌టాప్ సైట్' దగ్గర టిక్కు పడి ఉందేమో చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. లేకపోతే ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. హాల్ టికెట్ నంబరును పేజీలో వెతుకు ఆప్షన్లో కొట్టి ఆ వరుసకు దూకండి. కిందికి జరిపితే గానీ వరుసలు రాని పేజీల్లో మాత్రం అది పనిచేయదు. లోడ్ కాని వరుస బ్రౌజర్ దృష్టిలో లేనట్టే.

పేజీ కట్టినవాళ్లకు: అంతర్జాతీయ సుగమ్యతా ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2018 నుంచీ చెబుతున్నదే ఇది. 320 పిక్సెళ్ల వెడల్పులో పేజీ రెండు వైపులా జరపాల్సిన అవసరం లేకుండా ఇమడాలి. 1280 వెడల్పు తెరను 400 శాతం పెద్దది చేసినా అంతే వెడల్పు మిగులుతుంది, కాబట్టి చూపు తగ్గినవాళ్లకూ ఇదే నియమం. పట్టికలకు మినహాయింపు ఉంది, కానీ అది పట్టికకే, మొత్తం పేజీకి కాదు. పట్టికను దాని సొంత డబ్బాలో పెట్టి ఆ డబ్బానే అడ్డంగా జరిగేలా చేయండి. హాల్ టికెట్ వరుసను ఎడమ వైపు అతుక్కుని ఉండేలా బిగించండి. చివరి గడి సగం తెగి కనిపించాలి, ఇంకా ఉందని తెలిసేది దానివల్లే.

పేజీ కారణం లేకుండా అడ్డంగా కదులుతుంటే అనుమానించాల్సినవి: విరగని పొడుగాటి లింకు, 800 పిక్సెళ్లని గట్టిగా రాసిన బొమ్మ, వెడల్పు '100వీడబ్ల్యూ' (తెర వెడల్పంతా) అని ఇచ్చిన పట్టీ. ఈ మూడోది విండోస్‌లో స్క్రోల్‌బార్ వెడల్పు మేర బయటికి పొడుచుకొస్తుంది. మీ మ్యాక్‌లో స్క్రోల్‌బార్ దాగి ఉండడం వల్ల మీకు కనిపించదంతే.

ప్రశ్న: మా అబ్బాయి చేరబోయే కాలేజీ సైట్ తెరిస్తే, ఒకసారి జరిపితే తెరంతా తిరుగుతూ, ఎగురుతూ వస్తుంది. కళ్లు తిరుగుతున్నాయి. నా కళ్ల లోపమా?
— గృహిణి, కర్నూలు

జవాబు: మీది కాదు. వేలు చెప్పినంత మేర పేజీ కదలకపోతే, వెనకబొమ్మ ఒక వేగంతో ముందు అక్షరాలు ఇంకో వేగంతో పోతుంటే, లోపలి చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. బస్సులో చదివితే వికారం వచ్చేదీ ఇలాంటి తగువు వల్లే.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద 'రిమూవ్ యానిమేషన్స్', ఐఫోన్లో యాక్సెసిబిలిటీ, మోషన్ కింద 'రెడ్యూస్ మోషన్' ఆన్ చేయండి. విండోస్ 11లో యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్ కింద 'యానిమేషన్ ఎఫెక్ట్స్' ఆఫ్ చేయండి. సైట్ కట్టినవాళ్లు ఈ కోరికను పట్టించుకునేలా నాలుగు వరుసలు రాసి ఉంటేనే ఫలితం. రాయకపోతే బ్రౌజర్‌లో హంగులు తీసేసి పాఠం చూపే రీడర్ మోడ్ దిక్కు. ఫీజు, సీట్లు, హాస్టల్ వివరాల కోసం వచ్చిన తల్లిదండ్రులకు గిరగిరా తిరిగే భవనం దేనికో మాకూ అర్థం కాలేదు.

ప్రశ్న: మౌస్ చక్రం కిందికి తిప్పితే పేజీ మధ్యమధ్యలో పైకి పోతోంది.
— డీటీపీ ఆపరేటర్, రాజమహేంద్రవరం

జవాబు: చక్రం ఇరుసు దగ్గర ఎన్‌కోడర్ అనే చిన్న భాగం ఉంటుంది. అందులో రెండు పలకలు. ఏది ముందు తగిలిందన్నదాన్ని బట్టి దిశ తెలుస్తుంది. దుమ్ము చేరినా, పలక అరిగినా వరుస తప్పుగా చదివి దిశ తారుమారవుతుంది.

వైర్‌లెస్ మౌస్ అయితే ముందు బ్యాటరీ మార్చండి, తర్వాత ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడా అదే తంతు అయితే లోపమంతా చక్రానిదే. గాలి డబ్బాతో చక్రం పక్క సందుల్లోకి ఊది, రెండు వైపులా గట్టిగా తిప్పండి. దుమ్మే అయితే దీంతోనే సరిపోవచ్చు. తగ్గకపోతే వైరు ఊడదీసి, అడుగున ఉన్న అంటుకాళ్లు లేపి, వాటి కింది స్క్రూలు విప్పండి. ఎన్‌కోడర్ సందులో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, చక్రాన్ని ఓ 30 సార్లు తిప్పి, అరగంట ఆరనివ్వండి. కుట్టుమిషన్ నూనె మాత్రం వద్దు, రెండు రోజులు బాగుండి తర్వాత దుమ్మంతా పేరుకుంటుంది. పలక అరిగిపోయి ఉంటే కొత్త ఎన్‌కోడరే. కొనేముందు బోర్డు నుంచి దాని ఎత్తు కొలవండి. 7, 9, 11 మిల్లీమీటర్లు ఇలా రకరకాలు వస్తాయి, తేడా ఉంటే చక్రం నొక్కు పనిచేయదు. మూడు కాళ్లు టంకం పెట్టాలి. మౌస్ ఖరీదు 400 లోపైతే మాత్రం ఈ శ్రమ దండగ.

ప్రశ్న: మా అమ్మాయి బాలింత. పాపకు పాలిస్తూ రాత్రి 1 దాకా ఫోన్ జరుపుతూనే ఉంటుంది. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి అంటోంది. ఫోన్ వల్లేనా?
— ఒక అమ్మమ్మ, సిద్దిపేట

జవాబు: ఫోన్ ఒక్కదాని వల్లే కాకపోవచ్చు. బొటనవేలిని ఆడించే స్నాయువులు మణికట్టు పక్కన ఇరుకు తొడుగులోంచి వెళ్తాయి. అవి ఒరుసుకుని వాస్తే ఈ నొప్పి. డాక్టర్లు డి క్వెర్వెయిన్ అంటారు. చంటిబిడ్డను చంకల కింద బొటనవేళ్లు చాచి ఎత్తే తల్లుల్లో ఇది ఎక్కువ. పగలు పాప, రాత్రి ఫోన్, రెండూ ఆ వేలి మీదే పడుతున్నాయి.

బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచమనండి. బొటనవేలి వైపు చురుక్కుమంటే అదే కావచ్చు. పాపను అరచేతులు కిందికి పోనిచ్చి, ముంజేతుల మీద ఎత్తుకోమనండి. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి చూపుడువేలితో జరపాలి. రెండు వారాల్లో తగ్గకపోయినా, వేలు పట్టేసినా ఎముకల డాక్టరుకు చూపించండి. బొటనవేలు కదలకుండా పట్టే పట్టీ ఇస్తారు. మణికట్టుకు మాత్రమే చుట్టే పట్టీ దీనికి చాలదు. పాలిచ్చే తల్లి కాబట్టి నొప్పి మాత్రలు సొంతంగా వద్దు.

ఇక రాత్రి ఒంటిగంట సంగతి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోకి వెళ్లి యాప్‌కి రోజుకు 30 నిమిషాలు అని గడువు పెట్టొచ్చు. కానీ ఆ లెక్క అర్ధరాత్రి 12కి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అంటే సరిగ్గా మీకు అవసరమైన వేళకే తాళం ఊడిపోతుంది. అందుకని దాంతోపాటు 'బెడ్‌టైమ్ మోడ్' రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పెట్టి, గ్రేస్కేల్ ఆన్ చేయండి. తెర నలుపు తెలుపుల్లోకి వస్తుంది, రీల్స్ చప్పబడతాయి. ఐఫోన్లో స్క్రీన్ టైమ్ కింద 'డౌన్‌టైమ్' ఉంది. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది కూడా చెరిపేస్తే మొదటి పేజీలో సిఫార్సులు రావు, కావలసింది వెతుక్కోవాలి. పాట ఒకటి వెతికి పెట్టుకుంటే పాప పాలు తాగేసరికి అదీ అయిపోతుంది. ఆటోప్లే ఆపడం మరవకండి.

ప్రశ్న: కుటుంబ వాట్సాప్ గ్రూపులో 2022 పెళ్లి ఫొటో కావాలి. జరిపి జరిపి వేలు అరిగిపోతోంది.
— పాఠకుడు, డాలస్

జవాబు: గ్రూపు తెరిచి పైన మూడు చుక్కలు, 'సెర్చ్' నొక్కండి. ఐఫోన్ అయితే గ్రూపు పేరు మీద నొక్కితే సెర్చ్ కనిపిస్తుంది. సెర్చ్ పట్టీ దగ్గర క్యాలెండర్ గుర్తు ఉంటుంది, పెళ్లి తేదీ ఎంచుకుంటే ఆ రోజుకే దూకుతుంది. అక్కడ ఫొటో మసగ్గా కనిపించి దిగకపోతే సర్వర్లో లేనట్టు లెక్క. పంపినవాళ్లనే మళ్లీ పంపమనండి.